ఇంటింటి వైద్యం: గోడమీది తాళంచెవి

మన వైపు పెద్ద కుటుంబాలలో పెరిగిన వాళ్ళని "మీ ఇంటి వీధి తలుపు తాళంచెవి ఎక్కడ వుండేది?" అని అడిగి చూడండి. చాలామంది ఆలోచనలో పడతారు. బీరువా తాళంచెవి అమ్మ బొడ్లో వుండేదని గుర్తుంటుంది. ధాన్యం గది తాళంచెవి నాయనమ్మ దిండు కింద వుండేదని గుర్తుంటుంది. వీధి తలుపుది మాత్రం గుర్తుండదు. ఆ తలుపుకి పగలు తాళం పడితే కదా! ఎవరో ఒకరు ఎప్పుడూ ఇంట్లో వుండేవాళ్ళు. రాత్రి గడియ వేసుకునేవాళ్ళు. గడియకి తాళంచెవి అక్కరలేదు. తలుపు తడితే లేచివచ్చి తీసే మనిషి వుంటే చాలు.

ఇక్కడ అరోరాలో మన సంసారాలు వేరు. పొద్దున ఏడున్నరకి ఒకరు ఆస్పత్రికి, ఇంకొకరు ఆఫీసుకి, పిల్లలు బడికి. తలుపు లాగితే చాలు, దానంతట అదే తాళం పడిపోతుంది. లోపల ఎవరూ వుండరు. లేదా, ఈ వ్యాసం రాయటానికి అసలు కారణం ఇదే, లోపల మన అమ్మా నాన్నా, అత్తగారూ మామగారూ మాత్రమే వుంటారు. ఆరు నెలలకని వచ్చిన వాళ్ళు. ఈ తలుపుల తీరు వాళ్ళకి కొత్త, ఈ చలి కొత్త, ఎదురింటివాళ్ళ భాష కొత్త.

ఈ శీర్షికలో మామూలుగా రక్తపోటు గురించో, చక్కెర జబ్బు గురించో రాస్తూ వుంటాము. ఈ నెల తాళంచెవి గురించి రాస్తూంటే ఇది వైద్యమెలా అవుతుందని కొందరికి సందేహం రావచ్చు. మా ఉద్దేశంలో ఇది వైద్యమే. బయటి గోడకి ఒక చిన్న ఇనప పెట్టె బిగించి, అందులో ఇంటి మారు తాళంచెవి పెట్టుకోవటం చలికాలపు టీకా వంటిది. అవసరం పడేదాకా దాని విలువ తెలియదు.

ముందు చలి సంగతి చూద్దాము. 2019 జనవరి 30న షికాగో ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 23 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదయింది. మన లెక్కలో దాదాపు మైనస్ 31 సెల్సియస్. మర్నాడు మన రాష్ట్రంలోనే మౌంట్ కారల్‌లో మైనస్ 38 ఫారెన్‌హీట్‌కి దిగి, ఇల్లినాయ్ చరిత్రలోనే అతి తక్కువగా రికార్డయింది. ఆ మాటలు అలా వుంచినా, గాలితో కలిపి చలి మైనస్ 20 ఫారెన్‌హీట్ దగ్గరకి వచ్చిందంటే, కప్పని చర్మం అరగంటలో గడ్డకట్టటం మొదలుపెట్టవచ్చు. అంతటి పూటలు మనకి ఏటా తగులుతూనే వుంటాయి.

ఇప్పుడు ఒక పెద్దాయనని ఊహించుకోండి. లుంగీ, పల్చటి స్వెట్టరు, కాళ్ళకి ఇంట్లో తొడిగే చెప్పులు. చెత్తడబ్బా లోపలికి తెద్దామనో, పోస్టు చూద్దామనో నాలుగు అడుగులు బయటికి వేస్తారు. వెనకనించి గాలి తలుపుని మూసేస్తుంది. ఫోను లోపల వుంది. కొడుకు ఫోను నంబరు ఆ ఫోనులో వుంది గాని, ఈయన నోటికి రాదు. అటూ ఇటూ ఇళ్ళవాళ్ళు పనులకి వెళ్ళారు. వున్నా, వాళ్ళ తలుపు కొట్టి ఏమని చెప్పాలో తెలియదు.

వయసు మళ్ళిన శరీరం చలిని మనలాగా తట్టుకోలేదు. వణుకు వేడి పుట్టించే సాధనం. పెద్దవాళ్ళలో ఆ వణుకు బలహీనంగా వుంటుంది. చర్మం కింద కొవ్వు పల్చబడి వుంటుంది. చలికి చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని వేడిని లోపల దాచవలసింది పోయి, ఆ పని నెమ్మదిగా చేస్తాయి. చక్కెర జబ్బుతో నరాలు మొద్దుబారితే వేళ్ళు గడ్డకడుతున్న సంగతే తెలియదు. రక్తపోటుకి వాడే బీటా బ్లాకర్లు, తక్కువగా పనిచేసే థైరాయిడ్ గ్రంథి, ఇవన్నీ చలికే తోడ్పడతాయి. శరీరపు వేడి 95 ఫారెన్‌హీట్, అంటే 35 సెల్సియస్ కంటె దిగితే దాన్ని హైపోథెర్మియా అంటాము. మొదట వణుకు, చేతిలో వస్తువులు జారటం. తర్వాత మాట ముద్దగా రావటం, మతి తప్పటం. వణుకు ఆగిపోయిందంటే కుదుటపడ్డారని అనుకోకండి. అది ప్రమాదపు గంట.

అటువంటప్పుడు చేయవలసింది, చేయకూడనిది కూడా ఇక్కడే చెప్పేస్తాము. తడిబట్టలు తీసి దుప్పట్లు కప్పండి. గడ్డకట్టిన వేళ్ళని రుద్దకండి, పొయ్యి దగ్గర కాచకండి, హీటింగ్ ప్యాడ్ పెట్టకండి. మళ్ళీ చలిలోకి వెళ్ళే పని లేదంటేనే 37 నించి 39 సెల్సియస్ వున్న గోరువెచ్చని నీళ్ళలో వుంచండి. మాట తేడాగా వుంటే ఆలోచించకుండా 911 పిలవండి.

ఇంతకీ మారు తాళంచెవి ఎక్కడ పెట్టాలి? మేము గుంటూరు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో హాస్టలు గది తాళంచెవి ద్వారబంధం మీద వుండేది. అది ఆ అంతస్తులో అందరికీ తెలుసు. తెలిసినా ఫరవా లేదు, ఎందుకంటే గదిలో పోవటానికి పుస్తకాలు తప్ప ఏమీ లేవు. ఆ అలవాటే ఇక్కడ పట్టాకింద, పూలకుండీ కింద, కృత్రిమపు రాయి కింద తాళంచెవి దాచటంగా మారింది. మనం చూసిన చోట్లే దొంగ కూడా మొదట చూస్తాడు. పైగా జనవరిలో ఆ కుండీ నేలకి అతుక్కుపోయి, దానిమీద అడుగు మంచు పేరుకుని వుంటుంది.

పక్కింటివాళ్ళకి ఇవ్వటం మంచిదే, మన సంప్రదాయం కూడాను. అయితే పక్కింటివాళ్ళు ఫ్లారిడా వెళ్ళిన వారమే మనకి ఆ తాళంచెవితో పని పడుతుంది. గరాజ్ పక్క మీటల పలక వుంది కదా అంటారు కొందరు. మంచు తుఫానుకి కరెంటు పోయినప్పుడు, విడిగా బ్యాటరీ లేని గరాజ్ మోటారు కదలదు. ఎర్ర తాడు లాగి విడిపించుకోవచ్చు గాని, ఆ తాడు లోపలివైపు వుంటుంది. ఫోనుతో తెరిచే కొత్త తాళాలు సౌకర్యమే. కాని గట్టి చలిలో బ్యాటరీలు నీరసపడతాయి, ఫోను లోపల వుండిపోయిన మనిషికి ఫోనుతో తెరిచే తాళం ఎందుకు? గోడమీది పెట్టెకి కరెంటు లేదు, బ్యాటరీ లేదు. అంకెలు గుర్తుంటే చాలు.

ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు ఏజెంటు తలుపు పిడికి ఒక పెట్టె వేళ్ళాడదీయటం మీరు చూసేవుంటారు. మేము చెప్పేది అది కాదు. వేళ్ళాడేదాన్ని కోసి పట్టుకుపోవచ్చు. గోడకి బిగించే పెట్టె వేరు. దాని మరలన్నీ లోపలి వైపునించి వెళతాయి, తలుపు మూస్తే మర తల బయటికి కనపడదు.

ఈ పెట్టెలు రెండు రకాలు. ఒకటి, నాలుగు చక్రాలు తిప్పి అంకెలు కలిపేది. రెండోది, మీటలు నొక్కేది. చక్రాల పెట్టెలో 0000 నించి 9999 దాకా పదివేల కలయికలు. మీటల పెట్టె చూడటానికి అంతకంటె గట్టిగా కనిపిస్తుంది గాని, లెక్కలో చిన్న మెలిక వుంది. చాలా మీటల పెట్టెలలో ఏ మీటలు నొక్కారన్నదే ముఖ్యం, ఏ వరసలో నొక్కారన్నది కాదు. 1, 4, 7, 9 నొక్కినా, 9, 7, 4, 1 నొక్కినా తెరుచుకుంటుంది. పది మీటలలో నాలుగు ఎంచుకోవటానికి 210 మార్గాలే వున్నాయి. ఒక్కొక్కదానికి పది సెకన్లు అనుకుంటే, తీరికగా నిలబడ్డవాడికి 35 నిమిషాల పని. అదే ఎన్ని మీటలున్నాయో కూడా వాడికి తెలియకపోతే, మొత్తం 1023 కలయికలు ప్రయత్నించాలి. అది మూడు గంటలకి దగ్గర. అందుచేత మీటల పెట్టె కొంటే నాలుగు అంకెలు పెట్టుకోవాలన్న నియమం పెట్టుకోకండి, ఐదో ఆరో పెట్టండి. ఒకే అంకె రెండుసార్లు రాకూడదని కూడా గుర్తుంచుకోండి, అక్కడ రెండోసారి నొక్కటానికి అర్థం లేదు.

చక్రాల పెట్టెలో పదివేలున్నాయి కదా అని సంబరపడనక్కరలేదు. చవకరకం చక్రాలని చేతివేళ్ళ స్పర్శతోనే కనిపెట్టేవాళ్ళున్నారు. పైగా చేతి తొడుగులతో చిన్న చక్రాలు తిప్పటం, కళ్ళజోడు లేకుండా అంకెలు చదవటం పెద్దవాళ్ళకి కష్టం. మీటలయితే తొడుగుల మీదనించే నొక్కవచ్చు. మా ఓటు, రబ్బరు మూత వున్న మీటల పెట్టెకే.

అసలు ఓడిపోని తాళం లేదు. 1851లో లండన్ మహాప్రదర్శన జరిగినప్పుడు ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ తాళాల నిపుణుడు, ఇంగ్లండుకి గర్వకారణాలైన చబ్ తాళాన్నీ, బ్రామా తాళాన్నీ కూడా తెరిచి చూపించాడు. మొదటిది అరగంట లోపు, రెండోదానికి రోజుల తరబడి. తాళం చేసే పని దొంగని ఆపటం కాదు, వాడికి కాలయాపన కలిగించటం. మన పెట్టెకీ అదే సూత్రం. అది ఇంటి తలుపు కంటె, పక్కనున్న కిటికీ అద్దం కంటె బలహీనంగా లేకపోతే చాలు.

ఇక బిగించే పద్ధతి. అరోరాలో చాలా ఇళ్ళకి ముందువైపు మాత్రమే ఇటుక, మిగతా మూడు వైపులా వినైల్ సైడింగ్. సైడింగ్ మీద నేరుగా బిగిస్తే ఒక చిన్న ఇనప కడ్డీతో వూడివస్తుంది. ఇటుకలో బిగించండి, ఇటుకల మధ్య వుండే సిమెంటులో కాదు, ఇటుకలోనే. అది వయసుతో పొడి అవుతుంది, ఇటుక కాదు. ఇటుకకి తగిన డ్రిల్లు ముక్క, ఇటుకకి తగిన యాంకర్లు, పెట్టెకి ఎన్ని రంధ్రాలుంటే అన్ని మరలూ. ఇటుక అందుబాటులో లేకపోతే సైడింగ్ వెనక వుండే కర్ర నిట్రాడ దొరికేలా చూసుకోవాలి, లేదా గరాజ్ తలుపు పక్కనున్న గట్టి చెక్కకి వేయాలి. ఈ పని అక్టోబరులోనే ముగించండి.

స్థలం ఎన్నుకోవటంలో రెండు కోరికలు పోట్లాడతాయి. వీధిలో పోయేవాడికి కనపడకూడదు, చలిలో నిలబడ్డ పెద్దాయనకి అందాలి. ముందు తలుపు పక్కనే పెడితే వూరంతటికీ ప్రకటన. పెరట్లో పెడితే నడుము లోతు మంచులో వెళ్ళాలి. గరాజ్ పక్క గోడ మీద, మంచు ఎత్తేసే దారి వెంట, ఛాతీ ఎత్తున పెట్టటం మంచి రాజీ. చూరునించి నీళ్ళు కారే చోటు పనికిరాదు, కారిన నీరు పెట్టెమీదే గడ్డకడుతుంది. సందుల్లో నూనె పోయకండి, చలికి చిక్కబడి పట్టేస్తుంది. పొడి గ్రాఫైటు వాడండి. ఏటా చలికి ముందు ఒకసారి, చలి మధ్యలో ఒకసారి తెరిచి చూడండి.

అంకెల విషయంలో మన బలహీనతలు దొంగకి తెలుసు. ఇంటి నంబరు, 1-2-3-4, కారు నంబరు వద్దు. మనమూ మన పెద్దవాళ్ళూ కలిసి గుర్తుపెట్టుకునే అంకె కావాలి. పాత ఇంటి టెలిఫోను నంబరులోని అంకెలు, ఊరి బస్సు నంబరు, నాన్నగారు ఉద్యోగంలో చేరిన సంవత్సరం, ఇలాంటివి ఇక్కడ ఎవడూ ఊహించలేడు. అమ్మకి గుర్తున్న అంకె పెట్టండి, మీకు నచ్చింది కాదు. పనిమనిషికో, రంగులు వేసేవాడికో ఒకసారి చెప్పవలసి వస్తే, వాళ్ళ పని అయిన రోజే మార్చండి. ఎప్పుడూ అవే మీటలు నొక్కితే అవి మాత్రమే నున్నబడి కనపడతాయి, కాబట్టి ఏడాదికి రెండుసార్లయినా మార్చండి. గడియారం ముందుకీ వెనక్కీ తిప్పుకునే రోజులు దీనికి అనువు.

అంకె ఎందరికి చెప్పాలన్నది తర్వాతి ప్రశ్న. తిరుమలలో తెల్లవారుజామున బంగారు వాకిలి తెరిచేటప్పుడు ఒక్కరి చేతిమీదుగా పని జరగదు. అర్చకులు కుంచెకోల, తాళంచెవులు తెస్తారు, సన్నిధి గొల్ల దగ్గరుంటాడు. ఎవరు తేవాలి, ఎవరు తెరవాలి అన్నది తరతరాలుగా ఏర్పడిన హక్కు, బాధ్యత కూడా. 1986 నించి మన అరోరాలోనూ బాలాజీ కొలువై వున్నాడు. మన ఊరి పేరే రోమనుల ఉషోదేవత పేరు. తెల్లవారుజామున తలుపు తెరిచే పద్ధతి మనం ఆ సన్నిధినించే నేర్చుకోవచ్చు. ఇద్దరు ముగ్గురికి చెప్పండి, ఎవరికి చెప్పారో అందరికీ తెలియాలి. ఇంట్లోవాళ్ళు కాక, పది నిమిషాల దూరంలో వున్న ఒక స్నేహితుల కుటుంబం తప్పకుండా వుండాలి. వాళ్ళది మీకు, మీది వాళ్ళకి.

పెట్టెలో ఏముండాలి? ఇంటి తాళంచెవి ఒక్కటే. కారుది వద్దు, చిరునామా కాగితం వద్దు, నగలున్న లాకరుది అసలే వద్దు. దుకాణంలో కోయించిన మారు తాళంచెవి ఒక్కొక్కసారి తిరగదు. పెట్టేముందు దానితో తలుపు మూడుసార్లు తీసి చూడండి. బయట అద్దం తలుపు వుంటే దాని చిలుకు కూడా చూడండి.

ఇంకొక సంగతి. మన పెద్దవాళ్ళకి గొలుసు వేస్తే గాని నిద్ర పట్టదు. తలుపు తాళం బయటి తాళంచెవితో వస్తుంది, లోపలి గొలుసు రాదు. స్నానాల గదిలో జారి తుంటి విరిగి పడివున్న మనిషికి బయట తాళంచెవి వుండీ ప్రయోజనం లేదు. కదలలేక గంటకి మించి నేలమీద వుంటే కండరాలు చితికి, ఆ విషం మూత్రపిండాలని దెబ్బతీయవచ్చు. గుండె ఆగినవారి విషయంలో ఛాతీ నొక్కటం మొదలుపెట్టని ప్రతి నిమిషానికీ బ్రతికే అవకాశం నూటికి 7 నించి 10 పాళ్ళు తగ్గుతూ వస్తుంది. పగలు గొలుసు వేయవద్దని బ్రతిమాలి చెప్పండి. తాళం ఒక్కటి చాలు.

తలుపు రాకపోతే అగ్నిమాపక దళంవారు పగలగొట్టుకుని వస్తారు, రావాలి కూడా. కాని పగలగొట్టటానికి పట్టే నిమిషాలు మనవి. పెద్ద భవనాలకి ఈ సమస్య తీర్చటానికే 1975 నించి నాక్స్ కంపెనీ పెట్టెలు వాడుకలోకి వచ్చాయి. గోడలో పెట్టె, అందులో భవనపు తాళంచెవి, ఆ పెట్టెని తెరిచే తాళంచెవి అగ్నిమాపక దళం దగ్గర. ఇళ్ళకి పనికివచ్చేవి కూడా వున్నాయి. బ్రిటనులో ఒంటరిగా వుండే పెద్దవాళ్ళ ఇళ్ళ గోడలమీద ఇటువంటి పెట్టెలు సర్వసాధారణం, రోజూ వచ్చి సాయం చేసే మనుషుల కోసం. అక్కడి పోలీసుల సెక్యూర్డ్ బై డిజైన్ ముద్ర పొందిన పెట్టెలు కూడా దొరుకుతాయి. మీ ఊరి అగ్నిమాపక దళాన్ని అత్యవసరం కాని నంబరుకి పిలిచి, ఇంటి పెట్టె సంగతి ముందుగా నమోదు చేసుకుంటారేమో అడగండి. అరోరా నాలుగు కౌంటీలలో పరుచుకున్న ఊరు, చుట్టుపక్కల వున్న మన సభ్యులు ఎవరి ఊరివారిని వారే అడగాలి. నమోదు కాకపోయినా, 911 వారికి ఫోనులోనే "గరాజ్ పక్కన పెట్టె, అంకె ఇది" అని చెప్పవచ్చు. ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళకి "తెలుగు" అన్న ఒక్క మాట చెప్పమని నేర్పండి. చాలా చోట్ల ఫోనులో దుబాసీని కలుపుతారు.

ఇదంతా ఆపద గురించి. ఆఖరుకి చెప్పేది ఆపద గురించి కాదు.

మా దగ్గరకి వచ్చే మన పెద్దవాళ్ళని "రోజూ నడుస్తున్నారా?" అని అడుగుతూ వుంటాము. మోకాళ్ళ కోసం, చక్కెర కోసం, రక్తపోటు కోసం. "ఎక్కడ నడుస్తాం బాబూ, తలుపు పడిపోతే ఎట్లా?" అంటారు. మే నెలలో బయట పూలు పూసి, గాలి హాయిగా వున్న రోజున కూడా కిటికీలోంచి చూస్తూ కూర్చుంటారు. బద్ధకం అనుకుంటాము. వాళ్ళకి వున్నది భయం. తమ ఊళ్ళో పది ఎకరాలకో, నలభైమంది పిల్లల తరగతికో పెద్దరికం చేసిన మనిషి, కొడుకింటి గుమ్మం దాటటానికి కొడుకు వచ్చేదాకా ఆగుతున్నారు. ఇంట్లో అన్నీ వున్నాయి, తమ చేతిలో తాళంచెవి మాత్రం లేదు. దీన్ని బంగారు పంజరం అని వాళ్ళు నవ్వుతూ అంటారు గాని, ఆ నవ్వులో నొప్పి వుంది.

కాబట్టి పెట్టె బిగించగానే పని అయిపోలేదు. వాళ్ళని బయటికి తీసుకువెళ్ళి, తలుపు మూసి, వాళ్ళ చేతనే తీయించండి. మీరు తీసి చూపించటం కాదు. తొడుగులు వేసుకుని ఒకసారి, కళ్ళజోడు లేకుండా ఒకసారి, చీకటిపడ్డాక ఒకసారి. మూడో రోజు మీరు లేనప్పుడు ఒక్కరే వీధి చివరిదాకా నడిచి వచ్చి, తామే తలుపు తీసుకుని లోపలికి వెళ్ళమనండి. ఆ సాయంత్రం మీరు ఇంటికి వచ్చేసరికి చెప్పటానికి వాళ్ళ దగ్గర కబుర్లు వుంటాయి. ఎవరింటి ముందు ఏ చెట్టు పూసిందో, ఏ కుక్క మొరిగిందో, ఎవరు చెయ్యి వూపారో.

తాళంచెవి ఇచ్చామంటే ఇల్లు ఇచ్చినట్టు. చలికాలం రాకముందే ఆ పని చేయండి. పెట్టె బిగించాక పెద్దవాళ్ళు ఏమన్నారో మాకు రాసి పంపండి. వచ్చే నెల మోకాళ్ళ నొప్పుల గురించి.